పొడుగు చేతుల గౌను

ఆ ఎండాకాలం మా కోడలు సిర్గాకి రెండు గౌన్లు కుట్టాను. రెండింటికీ చేతులు మణికట్టు దాకా పెట్టాను. అలా కుట్టినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. నా అంత మంచి అత్త ఈ కొండల్లో ఇంకొకత్తె లేదనుకున్నాను. ఇప్పుడు అది తలచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మొదలైంది మార్చిలో. కొత్త సంవత్సరం పండగ మూడు రోజుల్లో ఉందనగా సిర్గాకి పచ్చకామెర్లు వచ్చాయి. నా కొడుకు కుబాత్‌తో పెళ్ళయి అప్పటికి ఐదు నెలలు. కళ్ళు పచ్చబడ్డాయి, తిన్నది ఇమిడేది కాదు. ఊరి నర్సు వచ్చి చూసి, ఇది వైరస్ తెచ్చే కామెర్లు, మందేం లేదు, కాచిన నీళ్ళు తాగిస్తూ పడుకోబెట్టండి అంది. పసుపు పూసలు కామెర్లని లాగేస్తాయని పక్కింటి బాత్మా అక్క తన దండ తెచ్చి మెడలో వేసింది. నెల తిరిగేసరికి కళ్ళు తెల్లబడ్డాయి. తగ్గిపోయింది, ఇంక భయం లేదని నర్సు చెప్పింది, మేం నమ్మాం. పోయిన జబ్బు వెనకాలే వెళ్ళి, అది పోతూ పోతూ ఏం చేసి పోయిందో ఎవరు చూస్తారు?

మే నెలాఖరుకి గుర్రాల్నీ గొర్రెల్నీ తోలుకుని కొండ మీది మేతకి వెళ్ళిపోయాం. ఏటా అంతే, సెప్టెంబరు దాకా అక్కడే. గుడారంలో ముగ్గురమే. బాత్మా అక్క వాళ్ళ గుడారం వాగుకి అవతల. ఆడగుర్రాల పాలు రెండు గంటలకోసారి పితకాలి. గుర్రప్పిల్లని తల్లి పక్కనే పట్టుకుని నిలబడితే తప్ప అది పాలివ్వదు. కుబాత్ గుర్రప్పిల్లని పట్టుకునేవాడు, సిర్గా మోకాలి మీద బిందె పెట్టుకుని పితికేది. ఆ పాలు తోలుసంచిలో పోసి, పులిసి మేం తాగే కుమిస్ అయ్యేదాకా కర్రతో చిలకడం కూడా కోడలి పనే. ఆ పిల్ల ఏ పనికీ వెనకాడేది కాదు. నాకు ఎదురు చెప్పేది కాదు. నాకూ అంతకన్నా కావలసింది ఏముంది?

జూన్‌లో ఒకరోజు వాగు దగ్గర ఇద్దరం బట్టలు ఉతుకుతున్నాం. సిర్గా గౌను చేతులు మోచేతి పైదాకా మడుచుకుంది. కుడి జబ్బ మీద నాలుగు మచ్చలు వరసగా కనిపించాయి. నీలంగా, వేళ్ళు పట్టి నొక్కినట్టు. ఎడం జబ్బ మీద ఇంకో రెండు ఉన్నాయి, అవి పాతబడి ఆకుపచ్చకి తిరిగాయి.

ఆ రంగులు నాకు బాగా తెలుసు. మొదట ఎరుపు, తర్వాత నీలం, తర్వాత ఆకుపచ్చ, చివరికి పసుపు. నా భర్త సాగిన్ పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయనతో బతికిన ఇరవై రెండేళ్ళూ ఆ రంగుల్లో ఏదో ఒకటి నా ఒంటి మీద ఉండేది. అందుకే ఇవెలా వచ్చాయో ఆలోచించాల్సిన పని నాకు లేకపోయింది. తండ్రి చెయ్యి కొడుక్కి వచ్చిందనుకున్నాను.

"ఏంటవి?" అన్నాను.

సిర్గా చేతులు చూసుకుంది. "తెలీదు అత్తమ్మా. తగలకుండానే వస్తున్నాయి. పిండి పిసికినా వస్తున్నాయి, పడుకుని లేచినా వస్తున్నాయి."

"అలాగేలే. ఎవరైనా అడిగితే అదే చెప్పు."

ఆ పిల్ల తలెత్తి నా మొహంలోకి కాసేపు చూసింది. మళ్ళీ బట్టల మీదికి వంగింది. నేనేమో లోపల్లోపల మెచ్చుకున్నాను. ఇంటి గుట్టు బయట పెట్టని పిల్ల, బుద్ధిమంతురాలు అనుకున్నాను. నా రోజుల్లో నేను ఆడగుర్రం తన్నిందని చెప్పేదాన్ని. బాత్మా అక్క గుమ్మం తగిలిందనేది. మా ఊళ్ళో ఆడగుర్రాలన్నీ తన్నేవే, గుమ్మాలన్నీ పొట్టివే. ఒక్కరు కూడా రెండో ప్రశ్న వెయ్యరు. వెయ్యకపోవడమే మర్యాద.

ఆ వారంలోనే గౌన్లు కుట్టాను. పెట్టెలో దాచుకున్న పువ్వుల గుడ్డ తీసి, నా కొలతకి కాకుండా ఆ పిల్ల కొలతకి కత్తిరించాను. ఇంత ఎండలో ఇంత పొడుగు చేతులా అత్తమ్మా అని నవ్వింది. కోడలివి, పొడుగు చేతులే నీకు అందం అన్నాను. మారుమాట లేకుండా తొడుక్కుంది. నన్ను కోడలిగా తెచ్చుకున్నావిడ నాకు ఆ గుడ్డముక్క కూడా ఇవ్వలేదు. పైపెచ్చు, పిండి పిసకడం ఆలస్యమైతే తనే గిల్లేది. అందుకే ఆ రెండు గౌన్లూ ఇచ్చి, నేను ఆవిడలాంటిదాన్ని కాను అనుకున్నాను.

కొడుకుని అడగొచ్చు కదా అంటారేమో. మొగుడూ పెళ్ళాల మధ్య సంగతి తల్లి అడగడం మాలో లేదు. అది పైకి చెప్పుకునే కారణం. అసలు కారణం వేరే. అడిగితే వాడు ఒప్పుకుంటాడేమోనని భయపడ్డాను. ఒప్పుకున్నాక వాడి మొహంలో నాకు సాగిన్ కనిపిస్తాడు, ఇక మిగిలిన జీవితమంతా కనిపిస్తూనే ఉంటాడు. ఊరికే గమనించడం మొదలుపెట్టాను. బకెట్టు కాస్త గట్టిగా దించితే తండ్రి పోలిక. మాట్లాడకుండా తింటే తండ్రి పోలిక. ఒక మనిషి తప్పు చేశాడని ముందే తేల్చుకుని చూస్తే వాడు తుమ్మినా తప్పే.

వాడూ మారాడు. నా చేతి టీ తాగడం తగ్గించాడు. నా కళ్ళలోకి చూడడం మానేశాడు. తప్పు చేసినవాడు తల్లి మొహం ఎలా చూస్తాడు అనుకున్నాను.

జూలై వచ్చేసరికి సిర్గా పాలిపోయింది. వాగు నుంచి నీళ్ళు తెస్తూ దారిలో రెండుసార్లు బకెట్లు దించి నిలబడేది. బాత్మా అక్క అది చూసి, ఏమే, మనవడి సంగతి మాకు చెప్పవా అని ఎకసెక్కమాడింది. నాకు ఆశ పుట్టింది. ఇంకేం, పాలిపోవడానికి కడుపు, మచ్చలకి మొగుడు. ప్రతిదానికీ నా దగ్గర ఒక సమాధానం సిద్ధంగా ఉంది. ఆ నెలలో చుట్టాలొచ్చారని గొర్రెని కోసినప్పుడు మూలుగ ఎముక తీసి సిర్గా పళ్ళెంలో పెట్టాను. మా ఇళ్ళలో ఆ ఎముక పెద్దవాళ్ళకి వెళ్తుంది, కోడలికి పెట్టరు. చుట్టాలు మొహాలు చూసుకున్నారు. పెడితే పెట్టాను, నా కోడలు, నా గొర్రె అన్నాను. సిర్గా సిగ్గుపడుతూ ఎముక తట్టి మూలుగ నాలుక మీదికి జార్చుకుంది. ఆ సమయానికి ఆ పిల్ల ఎముకల్లో తనదంటూ ఏమీ మిగిలి లేదని నాకేం తెలుసు?

మర్నాడు పొద్దున ఆ పిల్ల కొరికి పెట్టిన రొట్టె మీద నెత్తురు చూశాను. పళ్ళ గాటు ఉన్న చోటల్లా ఎర్రగా ఉంది. నోటి మీద కొట్టాడనుకున్నాను. ఇక ఊరుకోలేక కుబాత్ జీను కడుతుంటే దగ్గరికి వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డాను. వాడే ముందు మాట్లాడాడు, జీను పట్టీ మీంచి కళ్ళెత్తకుండా.

"అమ్మా, సిర్గాని కాస్త మెల్లగా చూసుకో. తను ఏం అనలేదు. నేనే అంటున్నాను."

ఎంత ధైర్యం అనుకున్నాను. కొట్టేది తను, నీతులు నాకు.

"ముందు నువ్వు చూసుకో" అన్నాను.

వాడు నావైపు చూశాడు. ఆ చూపులో అసహ్యం ఉంది. నా చూపులోనూ ఉండే ఉంటుంది. గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఇద్దరం అవసరానికి తప్ప మాట్లాడుకోలేదు. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట సూటిగా అనుకుని ఉంటే సరిపోయేది. అప్పటికింకా జూలై సగం కూడా కాలేదు.

ఆగస్టు పదో తారీఖున సిర్గా గుర్రప్పిల్లల్ని కట్టే తాడు దగ్గర కూలబడింది. ముక్కు నుంచి నెత్తురు కారుతోంది. తల వెనక్కి వాల్చాం, వాగు నీళ్ళలో తడిపిన గుడ్డ నుదుటి మీద వేశాం. మధ్యాహ్నం దాటినా ఆగలేదు. కుబాత్ ఆమెని ముందు కూర్చోబెట్టుకుని గుర్రం మీద రోడ్డు దాకా తీసుకెళ్ళాడు, నేను ఇంకో గుర్రం మీద వెనకాలే వెళ్ళాను. అక్కడ దొరికిన కారులో జిల్లా ఆసుపత్రికి చేరాం. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని రాజధానికి పంపించారు.

అక్కడి డాక్టరు రోజా అసానోవ్నా నా ఈడు మనిషి. చిన్న జుట్టు, అలిసిపోయిన కళ్ళు. లోపల సిర్గా గౌను విప్పించి చూసి, బయటికొచ్చి మా ఇద్దర్నీ తన గదిలోకి పిలిచి తలుపేసింది.

"ఒళ్ళంతా దెబ్బలున్నాయి. ఎవరు కొట్టారు? నిజం చెప్పండి, నేను పోలీసులకి రాయాలి."

వాడు నా కొడుకు. ఎంతైనా నా కొడుకు.

"కుర్రాడండీ. తొందర ఎక్కువ. మనసు మంచిదే" అన్నాను.

అదే సమయంలో వాడు కూడా ఏదో అంటున్నాడు. రెండు మాటలూ కలిసిపోయాయి. నేను ఆగాక వాడి మాట వినిపించింది.

"మా అమ్మ పెద్దావిడ, డాక్టరు గారూ. ఆవిణ్ణి ఏం చెయ్యకండి. అన్నీ నా మీద రాసుకోండి."

డాక్టరు నన్ను చూసింది, వాణ్ణి చూసింది. నేను వాణ్ణి చూశాను. వాడి నోరు తెరుచుకునే ఉంది. అంతలో ఒకమ్మాయి నెత్తురు పరీక్ష కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. డాక్టరు అది చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివి, కళ్ళజోడు తీసింది.

ఎవరూ కొట్టలేదు అంది.

ఆ తర్వాత తుంటి ఎముకలోకి సూది దింపి మూలుగ తీసి చూశారు. రెండు రోజులకి డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. చదువు లేనివాళ్ళకి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. నెత్తురు తయారయ్యేది ఎముకల్లో ఉండే మూలుగలోనట. ఎర్రకణాలు లేకే మనిషి పాలిపోయింది. నెత్తురుని గడ్డకట్టించే కణాలు లేకే పిండి పిసికినా మచ్చ పడింది. రోగాన్ని అడ్డుకునే కణాలు కూడా అడుగంటాయట.

ఈ ఏడు ఏదైనా జబ్బు చేసిందా అని అడిగింది. మార్చిలో కామెర్లు వచ్చాయని, తగ్గిపోయాయని చెప్పాను.

"తగ్గాయి. కానీ ఆ వైరస్‌ని తరమడానికి ఒంట్లో లేచిన సైన్యం ఉంది చూశారా, అది వెనక్కి వెళ్ళలేదమ్మా. శత్రువు పోయాక సొంత మూలుగ మీదే పడింది. ఎక్కడో చాలా అరుదుగా, కామెర్లు తగ్గిన రెండు మూడు నెలలకి ఇలా అవుతుంది. మొదటి మచ్చ ఎప్పుడు చూశారు?"

జూన్ అన్నాను. ఆమె కాగితం మీద రాసుకుంది. తిట్టి ఉంటే బావుండేది.

ఆ సైన్యాన్ని అణచడానికి గుర్రపు నెత్తురు నుంచి తీసే మందు ఒకటుందట. వేరే దేశం నుంచి రావాలి, మూడు వారాలు పడుతుందన్నారు. మా కొండ మీద అయిదు వందల గుర్రాలు మేస్తున్నాయి. వాటి పాలు తాగి, మాంసం తిని, వాటి మీదే బతికిన జాతి మాది. ఆ మందు కోసం మేం విమానం వైపు చూస్తూ కూర్చున్నాం. ఇంకో దారి, తోడబుట్టినవాళ్ళ మూలుగ సరిపోతే తీసి ఎక్కించడం. సిర్గా చెల్లెల్ని పిలిపించి నెత్తురు తీసుకున్నారు. ఈలోగా చిన్న జ్వరం కూడా రాకుండా చూడాలి, వస్తే అడ్డుకునే శక్తి ఆ పిల్ల ఒంట్లో లేదు అంది డాక్టరు.

వరండాలో బల్ల మీద ఆ రోజు సాయంత్రం దాకా నేనూ కుబాతూ పక్కపక్కన కూర్చున్నాం. నువ్వనుకున్నాను అన్నాను నేను. నేనూ నిన్నే అనుకున్నానమ్మా అన్నాడు వాడు. ఎలా అనుకున్నావురా అని అడిగాను. నేనేనాడైనా ఆ పిల్ల మీద చెయ్యెత్తడం చూశావా అన్నాను.

"నాన్నమ్మ నిన్ను గిల్లేదని చెప్పేదానివి కదా" అన్నాడు. "జబ్బ మీద, తొడ మీద, బట్ట కింద కనపడకుండా. అచ్చం అవే చోట్లు."

ఆ సంగతులన్నీ వాడికి చిన్నప్పుడు చెప్పింది నేనే. నా మీద జాలి పడాలని చెప్పాను. వాడు వాటిని గుర్తుంచుకుని, నా మీదే అనుమానపడ్డాడు. నేను వాళ్ళ నాన్నని గుర్తుంచుకుని వాడి మీద అనుమానపడ్డాను. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ఎంత నమ్మకమో చూడండి. మధ్యలో ఆ పిల్ల నెత్తురు ఇంకిపోయింది.

సిర్గాని అద్దాల గదిలో పెట్టారు. మూతికి గుడ్డ కట్టుకుని రోజుకి ఒకరం వెళ్ళొచ్చు. నా వంతు వచ్చిన రోజు మంచం పక్కన నిలబడ్డాను. చేతులు దుప్పటి బయట ఉన్నాయి, పొట్టి చేతుల ఆసుపత్రి చొక్కా. నల్లగా, నీలంగా, చెయ్యి వెయ్యడానికి చోటు లేదు. మళ్ళీ ఒకసారి చెప్పకపోయావా తల్లీ అన్నాను. నా గొంతులో నిష్ఠూరం ఉంది, అంత సిగ్గులేనిదాన్ని.

"ఒకసారి చెప్పాను కదత్తమ్మా. మీరు నమ్మలేదు. ఇంకోసారి చెప్తే పని తప్పించుకోడానికి అంటున్నానని అనుకుంటారని..." ఆయాసపడి ఆగింది. "పాలు ఎవరు పితుకుతున్నారు?"

బాత్మా అక్క అన్నాను. ఆవిడకి గుర్రప్పిల్లని సరిగ్గా పట్టుకునేవాళ్ళు లేకపోతే కుదరదు అంది. తర్వాత కళ్ళు మూసుకుంది.

చెల్లెలి మూలుగ సరిపోయిందని డాక్టరు నవ్వుతూ వచ్చి చెప్పిన రోజున సిర్గాకి జ్వరం వచ్చింది. మొదట కొంచెమే. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయింది. గొంతులో చిన్న పుండట. మామూలు మనిషికి రెండు రోజుల్లో మానిపోయే పుండు. నాలుగు రోజులు పోరాడారు. సెప్టెంబరు రెండో తారీఖు మధ్యాహ్నం పోయింది. మందు ఇంకా దారిలోనే ఉంది.

ఊరికి తెచ్చి, ఆచారం ప్రకారం పెరట్లో గుడారం వేసి అందులో పడుకోబెట్టాం. కుబాత్ బయట కర్ర మీద వాలి నిలబడి ఏడుస్తున్నాడు. వచ్చిన మగవాళ్ళు వాణ్ణి కౌగిలించుకుంటున్నారు, కొందరు కౌగిలించుకోకుండా పక్కకి వెళ్ళిపోతున్నారు. జిల్లా ఆసుపత్రిలో ఎవరో ఆ మచ్చలు చూసి ఏదో అన్నారట, అది మాకన్నా ముందే ఊరు చేరింది.

కడగడానికి లోపలికి నలుగురం వెళ్ళాం. బాత్మా అక్క, సిర్గా తల్లి, ఆమె తోడికోడలు, నేను. తెర కట్టారు. నేను నీళ్ళ కుండ పట్టుకున్నాను. బాత్మా అక్క దుప్పటి తీసింది. తోడికోడలు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. సిర్గా తల్లి కూతురి జబ్బ మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. నాలుగు మచ్చలు వరసగా, వేళ్ళు పట్టి నొక్కినట్టు. ఆవిడ వేళ్ళు సరిగ్గా వాటి మీద పడ్డాయి.

ఎవరైనా అడుగుతారని చూశాను. అడగండి, ఒక్కరైనా అడగండి అని మనసులో మొక్కుకున్నాను. ఎవరూ అడగలేదు. మర్యాదస్తులు.

చివరికి నేనే అన్నాను. "ఎవరూ కొట్టలేదు వదినా. జబ్బు. కామెర్ల తర్వాత మూలుగ పాడై నెత్తురు తయారవ్వలేదు. తగలకుండానే వచ్చాయి ఇవన్నీ."

సిర్గా తల్లి తలెత్తి నా మొహంలోకి కాసేపు చూసింది. అచ్చం కూతురు చూసినట్టే చూసింది. తర్వాత తల దించుకుంది.

బాత్మా అక్క నా వీపు నిమిరింది. ఆవిడ మంచిది, ఎప్పుడూ నా మేలు కోరేది.

"అలాగేలే" అంది మెల్లగా. "అడిగినవాళ్ళకి అదే చెబుదాం."

తెల్లగుడ్డ లాగి ఆ పిల్ల చేతుల్ని మణికట్టు దాకా కప్పి, నీళ్ళు పొయ్యమంది. పోశాను.